చూపులేని వారికి ఉపగ్రహాలు దారి ఎలా చెబుతాయి?

మీ ఇంటినుంచి బడికి వెళ్లే దారి మీకు బాగా తెలుసు కదా! ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ రోడ్డు దాటాలో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ దారిలో మీరు గుర్తు పెట్టుకున్న వాటిని ఒక కాగితం మీద రాయండి. మందుల షాపు బోర్డు, మూలమీది వేపచెట్టు, ఆకుపచ్చ గేటు, సినిమా పోస్టరు. రాసిన తరువాత చూడండి, దాదాపు అన్నీ కంటికి సంబంధించినవే.

చూపులేని వారు కూడా ఇదే దారిన నడుస్తారు. వారి జాబితా వేరుగా ఉంటుంది. పిండిమర చప్పుడు, ఇరానీ హోటలు నుంచి వచ్చే చాయ్ వాసన, కాలి కింద హఠాత్తుగా మొదలయ్యే ఎత్తు, గోడ అయిపోయి సందు రాగానే చెంపకు తగిలే గాలి, ఇవే వారి బోర్డులు. చేతిలోని తెల్లకర్ర ఒక అడుగు ముందున్న సంగతి చెబుతుంది. తెలిసిన దారిలో ఇవి చాలు. మరి కొత్త చోటికి వెళ్లవలసి వస్తే?

హైదరాబాదులో ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాన్నే తీసుకుందాం. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. అశోక్‌నగర్ పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలకు పెట్టింది పేరు. ఎక్కడెక్కడి జిల్లాలనుంచో విద్యార్థులు ఇక్కడకు చదువుకోవటానికి వస్తారు. వారిలో చూపులేని విద్యార్థి ఒకరు ఉన్నారనుకోండి. ప్రతిరోజూ గదినుంచి గ్రంథాలయానికి వెళ్లటానికి మరొకరి చేయి దొరికేదాకా ఆగవలసిందేనా? ఒంటరిగా వెళ్లి రాగలిగితే చదువు తన చేతిలో ఉంటుంది. లేకపోతే అది మరొకరి తీరికమీద ఆధారపడుతుంది.

ఈ చిక్కును కొంతవరకు విప్పుతున్నది మనందరికీ తెలిసిన వస్తువే, స్మార్ట్ ఫోన్. అది ఎంతవరకు విప్పుతుందో, ఎక్కడ ఆగిపోతుందో, ఎందుకు ఆగిపోతుందో తెలుసుకుందాం.

దూరాలతో చోటు కనుక్కోవటం

ముందు కాగితం మీద ఒక లెక్క. “నేను చిక్కడపల్లి మెట్రో స్టేషనుకు 500 మీటర్ల దూరంలో ఉన్నాను” అని మీ స్నేహితుడు ఫోన్లో చెప్పాడనుకుందాం. అతడు ఎక్కడున్నట్లు? స్టేషను కేంద్రంగా 500 మీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీస్తే, ఆ గీతమీద ఎక్కడైనా ఉండవచ్చు. “నారాయణగూడ స్టేషనుకు 700 మీటర్లు” అని కూడా చెప్పాడు. రెండో వృత్తం గీయండి. రెండు వృత్తాలు రెండు బిందువుల దగ్గర కోసుకుంటాయి. ఇప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి దూరం కూడా చెబితే, ఆ రెండింటిలో అతడున్న బిందువు ఏదో తేలిపోతుంది. దిక్కు ఒక్కసారి కూడా చెప్పకుండా, దూరాలతోనే చోటు దొరికింది!

జి.పి.ఎస్. చేసే పని ఇదే. అందులో స్టేషన్లకు బదులు ఉపగ్రహాలు ఉంటాయి. అమెరికా మొదటి జి.పి.ఎస్. ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించింది. 1995 నాటికి 24 ఉపగ్రహాలతో వ్యవస్థ పూర్తి అయింది. ఇవి భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండుసార్లు భూమిని చుట్టి వస్తుంటాయి. రష్యావారి గ్లోనాస్, ఐరోపావారి గెలీలియో, చైనావారి బైదూ కూడా ఇలాంటివే. నేటి ఫోన్లు చాలావరకు వీటన్నిటినీ వినగలవు.

“వినగలవు” అనే మాటను గమనించండి. మన ఫోను ఉపగ్రహానికి ఏమీ పంపదు. రేడియో పెట్టె పాటను వింటున్నట్లు, అది కేవలం వింటుంది. ప్రతి ఉపగ్రహమూ “నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత” అని ఎడతెగకుండా చాటుతూ ఉంటుంది. ఆ సంకేతం బయలుదేరిన సమయాన్ని, తనకు చేరిన సమయంతో ఫోను పోల్చుకుంటుంది. రేడియో తరంగాల వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి సంకేతం రావటానికి సెకనులో సుమారు పదిహేనో వంతు పడుతుంది.

నాలుగో ఉపగ్రహం ఎందుకు?

ఇక్కడే ఒక ఇబ్బంది ఉంది. రేడియో తరంగం సెకనులో పది లక్షలవ వంతు కాలంలో 300 మీటర్లు పోతుంది. అంటే గడియారంలో ఆ మాత్రం తేడా వచ్చినా, చిక్కడపల్లిలో ఉన్నవాణ్ణి నారాయణగూడ వైపుకు జరిపివేయవచ్చు. అందుకే ఉపగ్రహాలలో అతి కచ్చితమైన అణు గడియారాలు పెడతారు. మరి మన ఫోనులో? అందులో ఉన్నది మామూలు క్వార్ట్‌జ్ గడియారమే.

ఈ లోపాన్ని గణితం సరిచేస్తుంది. ఫోను గడియారం తప్పినా, అన్ని ఉపగ్రహాల దూరాలలోనూ ఆ తప్పు ఒకేమాదిరిగా ఉంటుంది. మనకు తెలియవలసినవి నాలుగు: తూర్పు పడమరల్లో మన చోటు, ఉత్తర దక్షిణాల్లో మన చోటు, ఎత్తు, గడియారం తప్పు. నాలుగు అవ్యక్త రాశులకు నాలుగు సమీకరణాలు కావాలని మీరు బీజగణితంలో చదివే ఉంటారు. కనుక నాలుగు ఉపగ్రహాలు వినిపిస్తే లెక్క కుదురుతుంది. అంతకంటే ఎక్కువ వినిపిస్తే లెక్క మరింత నమ్మకంగా ఉంటుంది.

ఐన్‌స్టీన్ కూడా ఇందులోకి వస్తాడు! భూమి ఆకర్షణ తక్కువగా ఉన్నచోట గడియారం వేగంగా నడుస్తుంది. వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. ఈ రెండూ కలిపి చూస్తే ఉపగ్రహంలోని గడియారం రోజుకు సెకనులో పది లక్షలవ వంతులు 38 చొప్పున ముందుకు పోతుంది. దీన్ని సరిచేయకపోతే ఒక్కరోజులోనే దూరాలలో 11 కిలోమీటర్ల తప్పు పేరుకుపోతుంది.

మన దేశానికీ ఇలాంటి వ్యవస్థ ఉంది. దాని పేరు నావిక్. దీని మొదటి ఉపగ్రహాన్ని 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే ప్రయోగించారు. తరువాత ఆ ఉపగ్రహంలోని మూడు అణు గడియారాలూ పాడయ్యాయి. గడియారాలు ఆగితే దూరం కొలవటానికి ఆ ఉపగ్రహం పనికిరాదు. మన శాస్త్రజ్ఞులు స్వదేశంలోనే అణు గడియారాన్ని తయారుచేసి 2023 మే 29న ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహంలో అమర్చి పంపారు.

తెర చూడలేనివారికి ఫోను ఎలా?

నున్నటి గాజు తెరమీద చూపులేని వారు ఏమి చేయగలరు అని మీకు అనుమానం రావచ్చు. ఫోనులో తెరను చదివిపెట్టే ఏర్పాటు ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాన్ని టాక్‌బ్యాక్ అనీ, ఐఫోన్లలో వాయిస్ ఓవర్ అనీ అంటారు. వేలు ఆనించిన చోట ఏముందో ఫోను పైకి చదువుతుంది. రెండుసార్లు తట్టితే ఆ పని చేస్తుంది. తెలుగులో కూడా చదివించుకోవచ్చు.

దారి చూపే ఫోను కావాలన్న ఆలోచన స్మార్ట్ ఫోన్లకంటే పాతది. రెజినాల్డ్ గోలెడ్జ్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. మనుషులు దారులను ఎలా గుర్తుపెట్టుకుంటారన్నది ఆయన పరిశోధనాంశం. 1984లో ఆయనకు చూపు పోయింది. అయినా పరిశోధన మానలేదు. జాక్ లూమిస్, రాబర్టా క్లాట్స్‌కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులతో కలిసి, ఉపగ్రహాల సాయంతో చూపులేని వారికి దారి చెప్పే పరికరాన్ని రూపొందించటానికి పూనుకున్నాడు. తొలి నమూనాలో కంప్యూటరును, యాంటెన్నాను సంచిలో పెట్టి వీపున మోయవలసివచ్చేది. ఆ బరువంతా ఇప్పుడు చొక్కా జేబులో ఇమిడిపోయింది.

గూగుల్ మ్యాప్స్ 2019 అక్టోబరులో చూపులేని బాటసారుల కోసం వివరమైన మాటల సాయాన్ని ప్రవేశపెట్టింది. మొదట అది ఇంగ్లీషు, జపాను భాషల్లో వచ్చింది. మలుపు ఎంత దూరంలో ఉందో, పెద్ద కూడలి వస్తున్నదో లేదో, సరైన దారిలోనే ఉన్నారో లేదో చెబుతూ ఉండటం దాని పని. బ్లైండ్ స్క్వేర్ వంటి అప్లికేషన్లు “కుడివైపు బ్యాంకు, ఎదురుగా కూడలి” అని చుట్టుపక్కల సంగతులు చెబుతాయి. దిక్కును గడియారం ముల్లులాగా చెప్పటం చాలామందికి అలవాటు. 12 గంటలంటే ఎదురుగా, 3 గంటలంటే కుడిచేతివైపు.

చెవులు దిక్కును ఎలా పట్టుకుంటాయి?

మైక్రోసాఫ్ట్ కంపెనీ 2018లో సౌండ్‌స్కేప్ అనే అప్లికేషనును తెచ్చింది. అది “కుడికి తిరగండి” అని చెప్పే బదులు, చేరవలసిన చోటు నుంచి గంట మోగుతున్నట్లు చెవులకు వినిపించేది. ఆ చప్పుడు వైపు నడిస్తే చాలు. కంపెనీ 2023లో దాన్ని నిలిపివేసినా, దాని ప్రోగ్రామును అందరికీ ఇచ్చివేసింది. ఇతరులు దాన్ని కొనసాగిస్తున్నారు. ఇది ఎలా సాధ్యమో మీరే ప్రయోగం చేసి చూడండి.

సుమారు ఒక మీటరు పొడవున్న రబ్బరు గొట్టం తీసుకోండి. సరిగ్గా మధ్యన పెన్నుతో గుర్తు పెట్టండి. మీ స్నేహితుణ్ణి కళ్లు మూసుకుని, గొట్టం రెండు కొసలను రెండు చెవులకు ఆనించి పట్టుకోమనండి. చెవుల్లోకి దూర్చకూడదు. గొట్టం అతని వీపు వెనుకనుంచి వేలాడాలి. ఇప్పుడు మీరు పెన్సిలుతో మధ్య గుర్తుకు 3 సెంటీమీటర్లు ఎడమకు మెల్లగా తట్టండి. “ఎడమ” అని చెబుతాడు. కుడికి తట్టితే “కుడి” అంటాడు.

కారణం ఏమిటి? 3 సెంటీమీటర్లు ఎడమకు తడితే ఎడమ చెవికి 47, కుడి చెవికి 53 సెంటీమీటర్ల దారి. తేడా 6 సెంటీమీటర్లు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. అంటే ఒక చెవికి చప్పుడు సెకనులో పదివేలవ వంతులు రెండింటికంటే తక్కువ కాలం ముందుగా చేరింది. ఆ కాస్త తేడానే మన మెదడు పసిగట్టింది! ఇయర్‌ఫోన్లలో రెండువైపులా ఇదేమాదిరి తేడా కల్పిస్తే, చప్పుడు ఒక దిక్కునుంచి వస్తున్నట్లు అనిపిస్తుంది.

కాని చూపులేని వారు చెవులను ఇయర్‌ఫోన్లతో మూసుకోవటం ప్రమాదం. వాహనాల చప్పుడే వారికి రోడ్డు. అందుకే దవడ ఎముకకు ఆనించి పెట్టుకునే ఇయర్‌ఫోన్లను కొందరు వాడతారు. ధ్వని ఎముకగుండా లోపలి చెవికి చేరుతుంది. చెవి రంధ్రం తెరిచే ఉంటుంది. ట్యూనింగ్ ఫోర్కును మోగించి దాని కాడను చెవి వెనుక ఎముకకు ఆనించి చూడండి, మీకే తెలుస్తుంది.

చిక్కడపల్లి వంతెన కింద ఏమవుతుంది?

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాం. ఆకాశం పూర్తిగా కనిపించే మైదానంలో ఫోను మన చోటును సుమారు 5 మీటర్ల తేడాతో చెప్పగలదు. ఆటోలో వెళ్లేవారికి 5 మీటర్లు లెక్కలోనిది కాదు. నడిచేవారికో? ఫుట్‌పాత్ వెడల్పు రెండు మీటర్లు ఉంటే గొప్ప. 5 మీటర్ల తేడా అంటే ఫుట్‌పాత్ మీద ఉన్నారో, బస్సులు పోయే రోడ్డు మీద ఉన్నారో ఫోను చెప్పలేదు. చూపున్నవారు ఆ లోటును ఒక్క చూపుతో పూడ్చుకుంటారు. చూపులేని వారికి అదే ప్రాణం మీదికి రావచ్చు.

ఇది మైదానం సంగతి. చిక్కడపల్లి మైదానం కాదు. ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా వెళ్లే మెట్రో మార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైంది. ఆ మార్గం రోడ్డుకు పైన కాంక్రీటు వంతెన మీద సాగుతుంది. ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. వరకు వేసిన ఉక్కు వంతెనను 2023 ఆగస్టు 19న ప్రారంభించారు. అది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర మెట్రో వంతెనకు కూడా పైనుంచి దాటుతుంది. కింద రోడ్డు, పైన మెట్రో, ఆ పైన ఉక్కు వంతెన! ఇక ఆకాశం ఎంత కనిపిస్తుంది?

ఉపగ్రహం ప్రసారం చేసే శక్తి కొన్ని పదుల వాట్లు మాత్రమే. ఇరవై వేల కిలోమీటర్లు వచ్చేసరికి సంకేతం అతి బలహీనమవుతుంది. కాంక్రీటు, ఉక్కు దాన్ని ఆపివేస్తాయి. ఇంతకంటే చెడ్డది మరొకటి ఉంది. సంకేతం ఎదుటి భవనానికి తగిలి ప్రతిఫలించి ఫోనుకు చేరుతుంది. అలా చుట్టు తిరిగి రావటంలో 20 మీటర్లు ఎక్కువ నడిచిందనుకోండి. ఫోనుకు ఆ సంగతి తెలియదు. ఉపగ్రహం 20 మీటర్లు ఎక్కువ దూరాన ఉందనుకుంటుంది. లెక్క అంతా ఒక పక్కకు జరుగుతుంది. అప్పుడు రోడ్డుకు ఇవతల ఉన్నవారిని అవతల ఉన్నట్లు చూపిస్తుంది.

దిక్కు విషయంలోనూ ఇబ్బందే. నిలబడి ఉన్న మనిషి ఎటు తిరిగి ఉన్నాడో ఉపగ్రహాలు చెప్పలేవు. కొన్ని అడుగులు నడిస్తే తెలుస్తుంది. అందుకని ఫోనులో ఒక చిన్న దిక్సూచి ఉంటుంది. కాని ఇనుము దగ్గరుంటే దిక్సూచి ముల్లు ఎలా తప్పుతుందో మీరు ప్రయోగశాలలో చూసే ఉంటారు. మెట్రో స్తంభాల్లో, ఉక్కు వంతెనలో ఉన్నది ఇనుమే కదా!

ఇంజనీర్లు ఊరుకోలేదు. కొత్త ఫోన్లు కొన్ని ఒకే ఉపగ్రహం నుంచి రెండు పౌనఃపున్యాలలో సంకేతాలను వింటాయి. వాతావరణం పై పొరల్లో సంకేతానికి కలిగే ఆలస్యం ఈ రెండింటిలో వేరువేరుగా ఉంటుంది. ఆ తేడానుంచి ఆలస్యాన్ని లెక్కకట్టి తీసివేయవచ్చు. సంకేతం కాసేపు అందకపోతే ఫోను మన అడుగులను లెక్కపెట్టి, ఎంత దూరం వచ్చామో అంచనా వేస్తుంది. అయినా ఫుట్‌పాత్ అంచును చెప్పగల కచ్చితత్వం మామూలు ఫోనుకు ఇంకా రాలేదు.

చివరి పది అడుగులు

కనుక ఫోను తెల్లకర్రకు బదులు కాదు, దానికి తోడు మాత్రమే. ఫోను వీధిని చెబుతుంది, కర్ర అడుగును చెబుతుంది. తవ్వి వదిలేసిన గుంత, మూతలేని మ్యాన్‌హోల్, ఫుట్‌పాత్‌కు అడ్డంగా నిలిపిన మోటారు సైకిలు ఏ పటంలోనూ ఉండవు. కర్ర నేలమీది అడ్డాన్ని పట్టుకుంటుంది. కాని మోకాలికి పైన ఉన్న లారీ వెనుక చెక్కను, వేలాడే కొమ్మను అది పట్టుకోలేదు. ఇందుకోసం ఢిల్లీ ఐ.ఐ.టి. వారు తయారుచేసిన స్మార్ట్ కేన్ 2014లో వాడుకలోకి వచ్చింది. కర్ర పిడికి బిగించిన ఆ పరికరం గబ్బిలంలాగా అతిధ్వనులను పంపి, 3 మీటర్ల లోపు అడ్డం ఉంటే ప్రతిధ్వనిని బట్టి తెలుసుకుని, పిడిని కంపింపజేస్తుంది.

మెట్రో స్టేషన్లో పసుపుపచ్చని గరుకు పలకలను మీరు తొక్కే ఉంటారు. అవి అలంకారానికి వేసినవి కావు. జపాను దేశస్థుడు సెయిచి మియాకే 1965లో వీటిని కనిపెట్టాడు. 1967లో ఒకాయామా నగరంలో మొదట పరిచారు. పొడవు గీతలుంటే “ముందుకు నడవండి” అనీ, గుండ్రని బొడిపెలుంటే “ఆగండి, జాగ్రత్త” అనీ అర్థం. ఉపగ్రహం చెప్పలేని ఆ రెండు మీటర్ల సంగతి ఈ పలక అరికాలికి చెబుతుంది. దానిమీద సామాను పెట్టినా, గుంపుగా నిలబడినా చదువుతున్న పుస్తకంలో పేజీ చింపినట్లే.

మీరు కూడా ఈ వ్యవస్థలో ఒక భాగమే. చూపులేని వారు కూడలి దగ్గర నిలబడి ఉంటే, అడగకుండా చేయి పట్టుకుని లాగకండి. కర్రను అసలే పట్టుకోకండి. ముందు పలకరించి, “సాయం కావాలా అండీ?” అని అడగండి. కావాలంటే మీ మోచేతిని అందివ్వండి. వారే పట్టుకుని మీ వెనుక అర అడుగు దూరంలో నడుస్తారు. దారి అడిగితే “అదిగో, అక్కడ” అనకండి. “ఇరవై అడుగులు నేరుగా, తరువాత కుడికి” అని చెప్పండి.

చేసి చూడండి

మీ బడి గేటునుంచి దగ్గరి బస్‌స్టాపు వరకు ఇద్దరిద్దరుగా నడవండి. ప్రతి పది అడుగులకు ఫుట్‌పాత్ మీద ఏమి అడ్డం ఉందో రాయండి. రోడ్డుమీదికి దిగవలసి వచ్చిన చోట గుర్తు పెట్టండి. ఆ పటాన్ని మీ మాస్టారి ద్వారా మున్సిపల్ వార్డు కార్యాలయానికి పంపండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, అందరికీ అనువైన దారులు, రవాణా ఏర్పాటు చేయటం ప్రభుత్వం బాధ్యత అంటున్నది. మీ పటం ఆ బాధ్యతను గుర్తుచేస్తుంది.

ఆలోచించండి

1. గడియారంలో సెకనులో కోటవ వంతు తేడా వస్తే దూరంలో ఎంత తప్పు వస్తుంది?

2. స్మార్ట్ కేన్ పంపిన ధ్వని సెకనులో నూరవ వంతు కాలంలో తిరిగివచ్చింది. అడ్డం ఎంత దూరంలో ఉంది?

3. మూడు ఉపగ్రహాలు మాత్రమే వినిపిస్తున్నాయి. కాని మీరున్న చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో ముందే తెలుసు. అప్పుడు మీ చోటు కనుక్కోవచ్చా?

జవాబులు: 1. 30 మీటర్లు. 2. 1.7 మీటర్లు. ధ్వని పోయి రావాలి కనుక సగం చేయాలి. 3. కనుక్కోవచ్చు. ఎత్తు తెలిసింది కనుక తెలియవలసినవి మూడే మిగిలాయి.